టికెట్ ఎక్కడ ఆగి ఉంది?

సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఉత్పాదకత మాట వచ్చిన ప్రతిసారీ చర్చ వెంటనే మనుషుల మీదికి మళ్లుతుంది. ఎవరు ఎన్ని గంటలకు లాగిన్ అయ్యారు, ఎవరి టైమ్‌షీట్‌లో ఖాళీ కనిపిస్తోంది, ఎవరి పేరు మీద ఎన్ని టికెట్లు (ఒక్కో పనిని నమోదు చేసే చీటీలు) మూతపడ్డాయి అన్న లెక్కలు బయటికి వస్తాయి. చాలా ఏళ్లుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ బృందాలతో పనిచేస్తూ, ఇప్పుడు ఒక బృందాన్ని నడిపించే బాధ్యతలో ఉన్న నాకు ఈ లెక్కలన్నీ అసలు ప్రశ్నను పక్కకు నెట్టేస్తాయని గట్టి నమ్మకం. మన దగ్గర ఆలస్యమైన పనుల్లో ఎక్కువ భాగం ఎవరో నెమ్మదిగా చేసినందువల్ల ఆలస్యమైనవి కావు. అవి ఎవరి చేతిలోనూ లేకుండా, ఎవరి కోసమో ఎదురుచూస్తూ, ఎక్కడో ఒక చోట ఆగిపోయి ఉన్నవి. బృందం వేగం పెరగాలన్నా, బృందంలోని మనిషికి తన రోజు మీద పట్టు రావాలన్నా ముందుగా చూడవలసింది ఆ ఆగిన చోటునే.

ఒక మామూలు టికెట్‌ను తీసుకుందాం. చెల్లింపుల యాప్‌లో రీఫండ్ ఖాతాలో పడిన తర్వాత కూడా వినియోగదారుడికి ‘ప్రాసెసింగ్’ అనే కనిపిస్తోంది, దాన్ని సరిచేయాలి. డెవలపర్ సోమవారం ఉదయం దాన్ని చేతిలోకి తీసుకుని, లాగ్‌లు వెతికి, బ్యాంకు పంపుతున్న స్టేటస్ కోడ్ ఒకటి తమ పట్టికలో లేదని గుర్తించి, మధ్యాహ్నం భోజనానికి లేచేలోపే కోడ్ మార్చి, టెస్టులు రాసి, పుల్ రిక్వెస్ట్ పెడతాడు, అంటే తన మార్పును చూసి కలుపుకోమని బృందాన్ని అడుగుతాడు. ఆ కోడ్‌ను చదివి రివ్యూ చేయవలసిన సీనియర్ ఆ రెండు రోజులూ వేరే రిలీజ్ పనిలో తలమునకలై ఉంటారు. బుధవారం ఉదయం ఆయన కోడ్ చూసి, ఇప్పటికే తప్పు స్టేటస్‌తో ఉండిపోయిన పాత రికార్డుల సంగతేమిటని ఒక ప్రశ్న పెడతారు. ఆ సంగతి తేల్చవలసింది అమెరికాలో ఉన్న ప్రోడక్ట్ మేనేజర్. సాయంత్రం ఆయనకు మెసేజ్ వెళ్తుంది, గురువారం తెల్లవారేసరికి జవాబు వస్తుంది, కానీ ఆ జవాబులో ఇంకో ప్రశ్న ఉంటుంది. అది తేలి కోడ్ మర్జ్ అయ్యేసరికి, అంటే బృందం అసలు కోడ్‌లో కలిసేసరికి, శుక్రవారం అవుతుంది. టెస్టింగ్ ఎన్విరాన్‌మెంట్ వేరే బృందం చేతిలో ఉన్నందువల్ల క్యూఏ (నాణ్యతను పరీక్షించే) వాళ్లు మంగళవారం గానీ దాన్ని ముట్టుకోలేరు. రిలీజ్ గురువారమే జరుగుతుంది కాబట్టి ఆ మార్పు వినియోగదారుడి ఫోన్‌లోకి చేరేది రెండో గురువారం నాడు.

ఈ టికెట్ మీద అందరూ పెట్టిన చేతిపనిని కలిపితే ఒక పూర్తి పనిదినానికి మించదు. క్యాలెండర్ మీద మాత్రం అది పదకొండు రోజులు తీసుకుంది. గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఆ పదకొండు రోజుల్లో ఎవరూ ఖాళీగా కూర్చోలేదు. డెవలపర్ వెంటనే ఇంకో టికెట్ ఎత్తుకున్నాడు, సీనియర్ రాత్రి పది దాకా రిలీజ్ చూశారు, క్యూఏ వాళ్లు వరసగా టెస్టు కేసులు నడిపారు. మనుషులందరూ ఊపిరి సలపకుండా పనిచేస్తుండగానే పని మాత్రం కదలకుండా ఉండగలదు. డెవలపర్‌ను రెట్టింపు వేగంతో కోడ్ రాయమని ఒత్తిడి చేస్తే ఆ పదకొండు రోజుల్లో ఆదా అయ్యేది రెండు గంటలు. రివ్యూ అదే రోజు జరిగేలా చూస్తే ఆదా అయ్యేది రెండు రోజులు.

ఎదురుచూపు ఎంత ఉంటుందన్నది అదృష్టం మీద ఆధారపడిన విషయం కాదు, దానికి లెక్క ఉంది. జాన్ లిటిల్ అనే అమెరికన్ ఆచార్యుడు 1961లో నిరూపించిన సూత్రం ప్రకారం, ఒక వ్యవస్థలో సగటున ఎన్ని పనులు నడుస్తున్నాయో, అందులోంచి సగటున ఎంత వేగంతో పనులు పూర్తయి బయటికి వెళ్తున్నాయో తెలిస్తే, ఒక్కో పని లోపల ఎంత కాలం ఉంటుందో చెప్పవచ్చు. మొదటి సంఖ్యను రెండో సంఖ్యతో భాగిస్తే చాలు. వారానికి అయిదు టికెట్లు పూర్తి చేసే బృందం ఒకేసారి పది టికెట్లు తెరిచి పెట్టుకుంటే ఒక్కో టికెట్‌కు సగటున రెండు వారాలు పడుతుంది. అదే బృందం ముప్పై టికెట్లు తెరిచి పెట్టుకుంటే ఆరు వారాలు పడుతుంది. మనుషులు వాళ్లే, నైపుణ్యం అదే, గంటలు అవే. మారిందల్లా ఒకేసారి మొదలుపెట్టిన పనుల సంఖ్య. దసరా ముందు వచ్చిన ప్రతివారి గుడ్డనూ కాదనలేక తీసుకుని, అన్నింటినీ కత్తిరించి పెట్టుకున్న దర్జీ దగ్గర పండగ నాటికి ఒక్కరి జాకెట్టూ పూర్తి కాకపోవడానికి కారణం ఆయన చేతివేగం కాదన్నది అందరికీ తెలిసిందే.

ఈ సూత్రం కాగితం మీదిదేనని అనుకునేవారికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఒకటి ఉంది. అది మన హైదరాబాద్‌లోనే జరిగిందన్న సంగతి ఇక్కడ పనిచేసేవారిలో చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ రంగంలో, ఒకేసారి నడిచే పనులకు పరిమితి పెట్టి, ఒకటి పూర్తయ్యాకే ఇంకోదాన్ని లోపలికి తీసుకునే ‘కాన్‌బాన్’ అన్న పద్ధతి ఇప్పుడు ప్రపంచమంతటా వాడుకలో ఉంది. జపాన్‌లో టొయోటా కార్ల కర్మాగారాల కోసం తైచీ ఓనో తీర్చిదిద్దిన విధానం దానికి మూలం. ఆ ఆలోచనను సాఫ్ట్‌వేర్ పనికి అన్వయించిన తొలి ప్రయోగాల్లో బాగా ప్రసిద్ధమైనది మైక్రోసాఫ్ట్ అంతర్గత ఐటీ విభాగంలో 2004, 2005 సంవత్సరాల్లో జరిగింది. ఉద్యోగులు వాడే అంతర్గత అప్లికేషన్లలో లోపాలు సరిదిద్దడం, చిన్న చిన్న మార్పులు చేయడం ఆ బృందం పని. పర్యవేక్షించే మేనేజర్ డ్రాగోస్ దుమిత్రియు అమెరికాలోని రెడ్‌మండ్‌లో ఉండేవారు. కోడ్ రాసేవారు, టెస్ట్ చేసేవారు ఇక్కడ హైదరాబాద్‌లో ఉండేవారు. ముగ్గురు డెవలపర్లు, ముగ్గురు టెస్టర్లు, వారికొక స్థానిక మేనేజర్ ఉన్న చిన్న బృందం అది.

ఆ విభాగానికి అప్పట్లో ఉన్న పేరు ఏమాత్రం మంచిది కాదు. ఒక మార్పు అడిగితే అది చేతికి వచ్చేసరికి సగటున సుమారు 155 రోజులు, అంటే అయిదు నెలలు పట్టేది. ఎనభైకి పైగా అభ్యర్థనలు వరుసలో పేరుకుపోయి ఉండేవి. అడిగినవారు విసుగెత్తిపోయి ఉండేవారు. ఇలాంటి పరిస్థితిలో సాధారణంగా వినిపించే సలహాలు మనకు తెలిసినవే: ఇంకా మనుషులు కావాలి, శనివారాలు రావాలి, ఆఫ్‌షోర్ వాళ్లకు, అంటే దూరదేశంలో పనిచేసే బృందానికి, శిక్షణ ఇవ్వాలి. దుమిత్రియు తన సహోద్యోగి డేవిడ్ ఆండర్సన్ సహాయంతో ముందుగా చేసిన పని ఇవేవీ కాదు. పని ఎక్కడి నుంచి ఎక్కడికి ఎలా కదులుతోందో ఒక కాగితం మీద గీసి చూశారు.

అప్పుడు రెండు విషయాలు బయటపడ్డాయి. మొదటిది ఎస్టిమేషన్. ఏ అభ్యర్థన వచ్చినా దానికి ఎంత సమయం పడుతుందో, ఎంత ఖర్చవుతుందో 48 గంటల్లో అంచనా వేసి చెప్పాలన్నది నియమం. ఒక్కో అంచనాకు ఒక డెవలపర్, ఒక టెస్టర్ దాదాపు ఒక రోజంతా వెచ్చించాల్సి వచ్చేది. చేస్తున్న పనిని పక్కన పెట్టి మరీ అంచనా వేయాలి, ఎందుకంటే దానికి గడువు ఉంది. ఈ అంచనాలకే బృందం శక్తిలో మూడో వంతు ఖర్చయిపోయేది. అంతా చేసి, అంచనా వేసిన అభ్యర్థనల్లో దాదాపు సగం చివరికి చేయకుండానే వదిలేసేవారు. పని ఎప్పుడు పూర్తవుతుందో ముందుగా తెలుసుకోవాలన్న ఆత్రమే పని పూర్తి కాకపోవడానికి పెద్ద కారణమైందన్నమాట. రెండోది ప్రాధాన్య క్రమం. ఎప్పటికప్పుడు మొత్తం వరుసను తిరగేసి క్రమం మారుస్తుండడం వల్ల, మొదలైన పని పక్కకు వెళ్లి కొత్త పని ముందుకు వచ్చేది.

వారు చేసిన మార్పులు చాలా సాదాగా ఉంటాయి. ముందుగా వేసే అంచనాలను పూర్తిగా ఆపేశారు. డెవలపర్ల ముందు కొన్ని స్థానాలు మాత్రమే ఉన్న చిన్న వరుస పెట్టి, అందులో ఒక స్థానం ఖాళీ అయినప్పుడే కొత్త పనిని లోపలికి తీసుకున్నారు. వివిధ వ్యాపార విభాగాల తరఫున అభ్యర్థనలు తెచ్చే ప్రోడక్ట్ మేనేజర్లను ‘మీ జాబితా అంతటికీ క్రమం చెప్పండి’ అని అడగడం మాని, ‘ఈ వారం రెండు స్థానాలు ఖాళీ అయ్యాయి, వాటిలోకి ఏవి రావాలి?’ అని అడగడం మొదలుపెట్టారు. కొంతకాలానికి డెవలప్‌మెంట్ దగ్గరే పని ఇరుక్కుంటోందని గమనించి, ముగ్గురు టెస్టర్లలో ఒకరిని డెవలప్‌మెంట్ వైపు మార్చారు. మనుషులను పెంచే ఆలోచన ఆ తర్వాతే వచ్చింది. కోడ్ రాసే పద్ధతి, టెస్ట్ చేసే పద్ధతి మాత్రం ఎప్పటిలాగే కొనసాగాయి. ఏడాది తిరిగేసరికి పేరుకుపోయిన వరుస కరిగిపోయింది, సగటు నిరీక్షణ 155 రోజుల నుంచి 14 రోజులకు దిగింది. హైదరాబాద్‌లో కూర్చున్న ఆ ఇంజినీర్లు అంతకుముందూ సమర్థులే, తర్వాతా సమర్థులే. వారి చుట్టూ ఉన్న ఏర్పాటు వారి సామర్థ్యాన్ని మింగేస్తూ వచ్చింది. ఆఫ్‌షోర్ బృందాల గురించి ఎవరైనా చులకనగా మాట్లాడినప్పుడు నాకు ఈ ఆరుగురే గుర్తుకొస్తారు.

ఇప్పటి మన బృందాల్లో పని ఎక్కువగా ఆగేది, నేను చూసినంతవరకు, కోడ్ రివ్యూ దగ్గర. దీని గురించి కొంచెం ఎక్కువగానే చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ వచ్చే లాభం ఎవరి అనుమతీ అవసరం లేకుండా వచ్చే లాభం. పెద్ద పుల్ రిక్వెస్ట్‌ను ఎవరూ వెంటనే తెరవరు. వెయ్యి లైన్ల మార్పు కనిపించగానే ‘సాయంత్రం తీరిగ్గా చూద్దాం’ అనిపించడం సహజం. ఆ సాయంత్రం కాల్స్‌లో గడిచిపోతుంది. మరుసటి రోజుకు మెయిన్ బ్రాంచ్ (అందరి మార్పులూ కలిసే అసలు కోడ్) ముందుకు వెళ్లిపోయి ఉంటుంది కాబట్టి కాన్‌ఫ్లిక్టులు (ఒకదానితో ఒకటి పొసగని మార్పులు) సరిచేయాలి, సరిచేశాక మళ్లీ చూడాలి. చివరికి విసిగిపోయి, పైపైన చూసి అప్రూవ్ చేస్తారు. వెయ్యి లైన్ల మార్పులో దొరకవలసిన తప్పు అలా ప్రొడక్షన్‌లోకి, అంటే వినియోగదారులు వాడే వ్యవస్థలోకి, దాటిపోతుంది. గూగుల్‌లో కోడ్ రివ్యూ ఎలా జరుగుతుందో పరిశీలించి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, అక్కడ ఒక మార్పులో ఉండే లైన్ల మధ్యస్థ విలువ 24 అని, రివ్యూ మొత్తం పూర్తవడానికి పట్టే మధ్యస్థ సమయం నాలుగు గంటల లోపేనని తేలింది. ఈ రెండు సంఖ్యలూ ఒకదానికొకటి కారణం. చిన్న మార్పు కాబట్టి వెంటనే చూస్తారు, వెంటనే చూస్తారన్న నమ్మకం ఉంది కాబట్టి చిన్నగా పంపుతారు. రివ్యూ అడిగినవారికి ఒక పనిదినంలోపు స్పందన ఇవ్వాలన్నది ఆ కంపెనీ బహిరంగంగా పెట్టిన మార్గదర్శకాల్లోనే ఉంది.

అంత పెద్ద సంస్థ పద్ధతులు మనకు యథాతథంగా నప్పకపోవచ్చు, కానీ ఈ ఒక్కటి నప్పుతుంది. ఉదయం ల్యాప్‌టాప్ తెరవగానే సొంత కోడ్ ముట్టుకోకముందు ఎదురుచూస్తున్న రివ్యూలు చూడడం, భోజనం తర్వాత మళ్లీ ఒకసారి చూడడం అన్న కట్టుబాటు బృందమంతా పాటిస్తే చాలు, సీనియర్ల ఏకాగ్రత చెడదు, జూనియర్ల పని ఆగదు. పుల్ రిక్వెస్ట్ వివరణలో ఏం మారిందో మాత్రమే రాసి వదిలేయకుండా ఎందుకు మారిందో, దేన్ని కావాలనే ముట్టుకోలేదో కూడా రెండు వాక్యాల్లో రాయాలి. ‘పాత రికార్డులను వేరే టికెట్‌లో సరిచేస్తాం’ అన్న ఒక్క వాక్యం పైన చెప్పిన రీఫండ్ టికెట్‌లో ఉండి ఉంటే రివ్యూలో ఆ ప్రశ్నే వచ్చేది కాదు.

సర్వీస్ కంపెనీల్లో పనిచేసేవారికి ఇక్కడ ఒక సందేహం రావాలి. మనిషి సమయమంతా బిల్లబుల్‌గా (క్లయింట్ నుంచి డబ్బు వసూలు చేయగలిగేదిగా) ఉండాలని, ఖాళీ కనిపిస్తే అది నష్టమని లెక్కగట్టే చోట, వరుస చిన్నదిగా ఉంచడం ఎలా సాధ్యం? దీనికి కూడా 1961లోనే జవాబు వచ్చింది. బ్రిటిష్ గణితవేత్త జాన్ కింగ్‌మన్ ఆ ఏడాది ప్రచురించిన సూత్రం, పనిచేసేవారు ఎంత నిండుగా ఉంటే నిరీక్షణ అంత నిటారుగా పెరుగుతుందని చూపుతుంది. పనులు ఎప్పుడు వస్తాయో, ఒక్కోటి ఎంతసేపు పడుతుందో ముందుగా తెలియని సాధారణ నమూనాలో, మనిషి 80 శాతం నిండుగా ఉంటే ఒక పని తన వంతు కోసం ఎదురుచూసే సమయం, సగటున ఆ పని చేయడానికి పట్టే సమయానికి నాలుగు రెట్లు ఉంటుంది. 90 శాతం నిండితే తొమ్మిది రెట్లు, 95 శాతం నిండితే పందొమ్మిది రెట్లు అవుతుంది. చివరి పదిహేను శాతం ఖాళీని నింపుకోవడానికి మనం చెల్లించే ధర ఇంత పెద్దది. బిల్లింగ్ పట్టికలో ఈ ధర ఎక్కడా కనిపించదు. ఆరు వారాలుగా ఫలానా మార్పు రాలేదని క్లయింట్ ఫోన్ చేసినప్పుడు మాత్రమే కనిపిస్తుంది. ఆన్‌కాల్‌లో (అత్యవసర సమస్యలు చూసే వంతులో) ఉన్న వ్యక్తికి స్ప్రింట్‌లో (కొన్ని వారాల పని విడతలో) పూర్తి భాగం ఇవ్వకూడదని, రివ్యూలు ఎక్కువగా చేసే సీనియర్లకు టికెట్లు తక్కువగా ఇవ్వాలని నేను పట్టుబట్టేది ఈ కారణం చేతనే.

ఇక మనకు ప్రత్యేకమైన సమస్య కాలవ్యత్యాసం. హైదరాబాద్‌కూ అమెరికా పశ్చిమ తీరానికీ మధ్య వేసవిలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటలు తేడా. అక్కడ ఉదయం తొమ్మిదైతే ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నరో, పదిన్నరో. డల్లాస్‌లో ఉన్నవారితో అయితే రెండు గంటలు నయం. ఈ తేడా వల్ల ఒక ప్రశ్నకు జవాబు రాకపోతే పోయేది పది నిమిషాలు కాదు, ఒక రోజు. అందుకే ప్రశ్న అడిగే తీరు ఇక్కడ మర్యాదకు సంబంధించిన విషయంగా మిగిలిపోదు, నేరుగా పని వేగాన్ని నిర్ణయిస్తుంది. సాయంత్రం ఏడింటికి ఇక్కడి నుంచి ‘హాయ్ అన్నా, ఒక చిన్న డౌట్’ అని మెసేజ్ వెళ్తుంది. అవతల ఉన్నది మన తెలుగువారే, రాత్రి తొమ్మిదిన్నరకు ‘చెప్పు తమ్ముడూ’ అని ఆప్యాయంగానే జవాబు ఇస్తారు. అప్పటికి ఇక్కడి తమ్ముడు బండి మీద ఇంటికి వెళ్తూ ఉంటాడు. చూసి, రాత్రి పదకొండుకు డౌట్ రాస్తాడు. అవతల మీటింగ్ నడుస్తూ ఉంటుంది. ఒక రోజు పోయింది.

అదే మెసేజ్ ఇలా ఉండవచ్చు: ‘అన్నా, రీఫండ్ టికెట్ గురించి. బ్యాంకు నుంచి కొత్త స్టేటస్ కోడ్ వస్తోంది, మన పట్టికలో లేదు, జతచేశాను. పాత రికార్డులు సుమారు రెండు వేలు తప్పు స్టేటస్‌తో ఉన్నాయి. వాటిని ఒక స్క్రిప్ట్‌తో ఇప్పుడే సరిచేయనా, లేక వేరే టికెట్ పెట్టనా? నా ఉద్దేశం వేరే టికెట్ మంచిదని. రేపు మన మధ్యాహ్నంలోపు మీరు వద్దనకపోతే అలాగే ముందుకు వెళ్తాను.’ ఇందులో సందర్భం ఉంది, ప్రశ్న ఉంది, సొంత అభిప్రాయం ఉంది, జవాబు రాకపోతే ఏం జరుగుతుందో కూడా ఉంది. అవతలి వ్యక్తి లిఫ్ట్ కోసం నిలబడి ‘సరే’ అని రెండు అక్షరాలు కొట్టినా సరిపోతుంది. కొత్తగా చేరిన ఇంజినీర్లకు నేను అన్నిటికంటే ముందుగా నేర్పించాలనుకునే నైపుణ్యం ఇదే. పెద్దవారికి ‘నా ఉద్దేశం ఇది’ అని రాయడానికి మన పిల్లలు మొదట్లో బిడియపడతారు. అలా రాయడం అగౌరవం కాదని, వారి సమయానికి ఇచ్చే గౌరవమని సీనియర్లే ముందుకు వచ్చి చెప్పాలి.

వ్యక్తిగతంగా మనిషి రోజు గురించి చెప్పవలసింది ఇక్కడికి కలుస్తుంది. 2009లో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు, ఒక పనిని సగంలో వదిలి ఇంకో పనికి వెళ్లినప్పుడు మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని, కొత్త పనిలో నాణ్యత అందువల్ల తగ్గుతుందని ప్రయోగాలతో చూపించారు. ఒకేసారి నాలుగు టికెట్లు తెరిచి ఉన్న మనిషి నాలుగింటిలోనూ సగం సగం ఉంటాడు. ఆగిపోయిన టికెట్ మనిషిని కొత్త టికెట్‌లోకి నెడుతుంది, కొత్త టికెట్ పాతదానికి రావలసిన జవాబుతో మధ్యలో తెగుతుంది. అందువల్ల ఏకాగ్రతను ఒక్కొక్కరి క్రమశిక్షణకు మాత్రమే వదిలేయడం అన్యాయం. నోటిఫికేషన్లు ఆపుకోవచ్చు, ఫోన్ దూరంగా పెట్టుకోవచ్చు, కానీ బృందం రోజుకు అయిదు సార్లు అతన్ని పని మార్చమంటే ఆ జాగ్రత్తలు నిలవవు.

కాలవ్యత్యాసం వల్ల కలిగే ఒక మేలును మాత్రం మనం సరిగా వాడుకోవడం లేదు. హైదరాబాద్‌లో ఉదయం పదిన్నర దాటితే అమెరికా తూర్పు తీరంలో అర్ధరాత్రి దాటిపోయి ఉంటుంది, పశ్చిమ తీరంలో కూడా అందరూ ఇళ్లకు చేరి ఉంటారు. అప్పటి నుంచి మధ్యాహ్నం రెండింటి వరకు అటువైపు నుంచి ఎవరూ పిలవరు. కోడ్ రాయడానికి, లోతుగా ఆలోచించడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. ఆ సమయం మధ్యలోనే పదకొండున్నరకు స్టాండప్ (రోజువారీ చిన్న సమావేశం), పన్నెండుకు స్టేటస్ మీటింగ్ పెట్టి దాన్ని ముక్కలు చేయడం చాలా బృందాల్లో కనిపిస్తుంది. ఇక్కడివాళ్లు మాత్రమే పాల్గొనే సమావేశాలన్నీ మధ్యాహ్నం రెండు తర్వాతకు మార్చి ఉదయాన్ని చెక్కుచెదరకుండా ఉంచితే, రాత్రి పదింటికి కాల్ ముగించుకుని మళ్లీ కోడ్ తెరిచే అవసరం చాలామందికి తప్పుతుంది. రాత్రి కాల్స్‌ను కూడా వంతులవారీగా పెట్టుకోవాలి. వారానికి అయిదు రాత్రులూ ఒకే మనిషి పిల్లలు నిద్రపోయాక హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చోవలసి వస్తే, ఆ మనిషి రెండేళ్లలో వెళ్లిపోతాడు. అతనితోపాటు బృందానికి తెలిసిన సగం సంగతులూ వెళ్లిపోతాయి.

ఆలస్యమైన ప్రాజెక్టుకు మనుషులను జతచేస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని ఐబీఎమ్‌లో ఓఎస్ 360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణాన్ని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పారు. అయిదుగురి మధ్య పది సంభాషణ మార్గాలుంటే, పదిమంది మధ్య నలభై అయిదు ఉంటాయి. దీన్ని వివరించనవసరం లేదు, పన్నెండు మంది ఉన్న ఏ స్టాండప్‌లో నిలబడినా అర్థమవుతుంది.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఏఐ పరికరాల గురించి. కోడ్ రాసే వేగం పెరిగితే ఉత్పాదకత దానంతటదే పెరుగుతుందన్న ఆశ యాజమాన్యాల్లో బలంగా ఉంది. ఎమ్ఈటీఆర్ అనే సంస్థ 2025లో ఒక ప్రయోగ ఫలితాలు ప్రచురించింది. తమ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో బాగా అనుభవం ఉన్న 16 మంది డెవలపర్లు 246 పనులు చేశారు, వాటిలో కొన్నింటిని ఏఐ సాయంతో, కొన్నింటిని అది లేకుండా. ఏఐ వల్ల 24 శాతం సమయం ఆదా అవుతుందని వారు ముందుగా ఊహించారు. అంతా అయ్యాక 20 శాతం ఆదా అయిందని భావించారు. కొలిచి చూస్తే ఏఐ వాడిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. ఇది 2025 మొదట్లో ఉన్న పరికరాలతో, తమకు బాగా తెలిసిన పెద్ద కోడ్ మీద పనిచేసేవారితో చేసిన ప్రయోగం కాబట్టి దీన్ని అన్నిచోట్లకూ వర్తింపజేయడం సరికాదు. కొత్త భాష నేర్చుకునేవారికి, టెస్టులు రాయడానికి, అలవాటులేని లైబ్రరీని అర్థం చేసుకోవడానికి ఈ పరికరాలు ఎంతో మేలు చేస్తున్నాయని నా కళ్లతో చూస్తున్నాను. కానీ ఆ ప్రయోగం రెండు సంగతులు తేటతెల్లం చేసింది. వేగంగా పనిచేస్తున్నామన్న భావనను కొలతగా తీసుకోకూడదన్నది ఒకటి. కొలిచినప్పుడే మాట్లాడాలన్నది ఇంకొకటి.

పైగా రీఫండ్ టికెట్‌లో కోడ్ రాయడానికి పట్టింది ఒక పూట మాత్రమే. దాన్ని గంటకు తగ్గించినా రివ్యూ దగ్గర రెండు రోజులు, ప్రశ్న దగ్గర రెండు రోజులు, టెస్టింగ్ దగ్గర వారాంతంతో కలిపి నాలుగు రోజులు అలాగే ఉంటాయి. ఇంకా చెప్పాలంటే పెరుగుతాయి, ఎందుకంటే అందరూ మునుపటికంటే ఎక్కువ కోడ్ రాసి అదే ఇద్దరు సీనియర్ల ముందు పెడతారు. తాను రాయని, పూర్తిగా చదవని కోడ్‌ను రివ్యూకు పంపితే, చదివే భారమంతా ఇంకొకరి మీదికి బదిలీ అవుతుంది. ఏఐ రాసిన ప్రతి లైనునూ పంపేవారు ముందుగా చదివి, ఇది ఎందుకు ఇలా ఉందో చెప్పగలగాలన్న నియమం ప్రతి బృందంలోనూ ఉండాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

కొలవడం గురించి చివరిగా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మంచి ఉద్దేశంతో మొదలైన ప్రయత్నాలు ఇక్కడే పాడవుతాయి. కోడ్ లైన్లు, కమిట్లు (భద్రపరిచిన కోడ్ మార్పులు), మూసిన టికెట్ల సంఖ్యతో మనిషిని కొలిస్తే, మనుషులు ఆ సంఖ్యలను పెంచడం నేర్చుకుంటారు. ఒక టికెట్ మూడుగా విడిపోతుంది, పక్కవారికి సాయం చేసే గంట వృథా గంటగా మారుతుంది. డెవలపర్ల ఉత్పాదకతను ఏ ఒక్క సంఖ్యతోనూ పట్టుకోలేమని, సంతృప్తి, ఫలితం, పని పరిమాణం, సహకారం, పని అంతరాయం లేకుండా సాగడం అన్న అయిదు కోణాలను కలిపి చూడాలని నికోల్ ఫోర్స్‌గ్రెన్, ఆమె సహ పరిశోధకులు 2021లో ప్రతిపాదించారు. ఆ అయిదింటినీ ఒకేసారి చూడడం చిన్న బృందానికి కష్టం కావచ్చు. అటువంటప్పుడు మనుషుల పేర్లు తీసేసి టికెట్లను మాత్రమే కొలవడం మంచి ప్రారంభం. టికెట్లను నమోదు చేసే జిరా అనే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి టికెట్ ఏ స్థితిలోకి ఎప్పుడు మారిందో నమోదై ఉంటుంది. గత మూడు నెలల్లో పూర్తయిన టికెట్లను స్ప్రెడ్‌షీట్‌లోకి దించి, పని మొదలైన తేదీ, రివ్యూకు వెళ్లిన తేదీ, మర్జ్ అయిన తేదీ, ప్రొడక్షన్‌కు చేరిన తేదీ పక్కపక్కన పెట్టి, ఏ రెండు తేదీల మధ్య దూరం అన్నిటికంటే ఎక్కువగా ఉందో చూడాలి. ఒక మధ్యాహ్నం సరిపోయే పని అది. ఆ పట్టికను బృందమంతటి ముందూ తెరపై పెట్టి, అన్నిటికంటే పెద్ద దూరం ఉన్న ఒక్క చోటును మాత్రమే ఎంచుకుని, దాన్ని తగ్గించడానికి ఏం చేయవచ్చో ముందుగా జూనియర్లను అడగాలి. రోజూ అక్కడ నిలబడి ఎదురుచూసేది వారే కాబట్టి, జవాబు చాలాసార్లు వారి దగ్గర సిద్ధంగానే ఉంటుంది.